రాతిపొడిలో వెలుగు

పెద్దమ్మ గుడి స్టేషన్ దాటగానే మెట్రో పెట్టెలో వెలుతురు మారిపోతుంది. అప్పటిదాకా మేడలు, వాటి మీద నీళ్ల ట్యాంకులు, డాబాల మీద ఆరేసిన బట్టలు. మాదాపూర్ వచ్చేసరికి రెండు వైపులా అద్దాలే. ఎండ ఒక టవర్‌కు తగిలి, ఎదురు టవర్ మీద పడి, అక్కణ్ణుంచి మా పెట్టెలోకి వచ్చింది. మెడలో ఐడీ కార్డులతో నిలబడ్డ పిల్లల ముఖాల మీద నీలమూ ఆకుపచ్చా కలిసిన చల్లని రంగు ఒకటి పాకుతూ పోయింది. దుర్గం చెరువు స్టేషన్ దగ్గర, రెండు భవనాల సందులో, బండల గుట్ట ఒక్క క్షణం కనిపించింది. దాని మీద పడ్డ ఎండ ఎటూ పోలేదు. పడ్డచోటే ఉంది. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది ఆ ఎండ కోసమే.

సంచిలో పాస్టెల్ పెట్టె, గరుకు కాగితాల పుస్తకం ఉన్నాయి. రాయదుర్గంలో దిగి, సైబర్ టవర్స్ దాకా వెనక్కి నడిచి, దుర్గం చెరువు చూసుకుని, సాయంత్రానికి ఖాజాగూడ గుట్టలు చేరాలని అనుకున్నాను. హైటెక్ సిటీకి పని మీద వచ్చేవాళ్లే గాని చూడటానికి వచ్చేవాళ్లు తక్కువ. చూడవలసింది మాత్రం చాలా ఉంది. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, పాతికేళ్ల నాటి గాజు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో ఇక్కడ ఈ ఒక్క గుండ్రటి భవనం, చుట్టూ రాళ్లూ తుప్పలూ ఉండేవి. అప్పటి ఫొటోలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది 2019 నవంబరులో. ఈ మధ్యకాలంలో గుట్టలు తరిగాయి, టవర్లు పెరిగాయి. మైండ్‌స్పేస్ వైపు నుంచి నడిచి వస్తుంటే ఒక్కో భవనం ముందు ఆగి చూశాను. అద్దం గోడ తన రంగు ఎప్పుడూ చెప్పదు. ఎదుట ఏముంటే దాన్నే చూపిస్తుంది: మబ్బు ఉంటే మబ్బు, క్రేన్ ఉంటే క్రేన్. వచ్చిన వెలుగును వచ్చిన కోణంలోనే తిప్పి కొడుతుంది. మీరు నిలబడ్డ చోటు మారితే గోడ మొత్తం మారిపోతుంది. బండరాయి అలా కాదు. దాని ఒంటి మీద లక్షల గరుకులు. ఒక్కో గరుకు వెలుగును ఒక్కో దిక్కుకు పంపుతుంది. అందుకే ఎక్కడ నిలబడి చూసినా దాని రంగు దానిదే.

పాస్టెల్ బొమ్మకూ ఇదే గుణం. రంగుపొడిని సుద్దతో కలిపి, ముద్ద కట్టడానికి సరిపోయేంత జిగురు మాత్రం చేర్చి, కడ్డీలుగా చేసి ఆరబెడతారు. నూనె ఉండదు, నీళ్లుండవు, ఆరిపోయి గట్టిపడే పొర ఏదీ ఉండదు. కాగితం గరుకులో పొడి ఇరుక్కుని నిలబడుతుంది, అంతే. మన వాకిట్లో రాతిముగ్గు ఎలా నిలుస్తుందో అలా: మెత్తటి తెల్లరాయి పొడి, రెండు వేళ్ల మధ్య నుంచి జారి, తడి ఆరని మట్టిని పట్టుకుని, ఎవరూ తొక్కనంతసేపూ ఉంటుంది. నూనె రంగులో రేణువు చుట్టూ నూనె నిండి ఉంటుంది కాబట్టి వెలుగు లోపలికి దిగి చీకటిపడుతుంది. పాస్టెల్‌లో రేణువుకూ రేణువుకూ మధ్య గాలి ఉంటుంది. ఆ గాలే దాని తెల్లదనం, దాని తేజం. పొడి రాలకుండా పైన ఫిక్సెటివ్ కొడితే ఆ గాలి సందులు పూడిపోయి రంగు ఒక మెట్టు కిందికి దిగుతుంది. కాపాడబోతే పాడవుతుంది, కాపాడకపోతే రాలుతుంది. నాకు పాస్టెల్ మీద ప్రేమ కలిగింది ఈ ఇరకాటం వల్లనే.

పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో పాస్టెల్ బొమ్మలుండే గదులు సగం చీకటిగా ఉంటాయి. దెగా నాట్యకత్తెల ముందు నిలబడినప్పుడు కళ్లు ఆ మసకకు అలవాటు పడటానికే కొంత సమయం పట్టింది. ఆ తర్వాత రంగు మెల్లగా పైకి వచ్చింది. కానీ ఈ ప్రయాణంలో నా వెంట ఉన్నది దెగా కాదు. ఆయన తర్వాతి తరం, రెండో ప్రపంచయుద్ధం చూసిన తరం.

హాన్స్ హార్టుంగ్ 1904లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పిడుగంటే భయం. మెరుపు మెరవగానే, ఉరుము వినపడేలోపు, దాని వంకర గీతను నోటుపుస్తకంలో గీసేస్తే తనకేమీ కాదని నమ్మాడట. అలా పుస్తకాలకు పుస్తకాలు నింపాడు. హిట్లర్ రోజుల్లో దేశం విడిచి ఫ్రాన్స్ చేరి, ఫారిన్ లీజియన్‌లో చేరాడు. 1944లో బెల్ఫోర్ దగ్గర యుద్ధంలో గాయపడ్డాడు. స్ట్రెచర్ మోసే పని ఆయనది. కాలు తీసేశారు. ఆ తర్వాత ఊతకర్రలతో నిలబడి వేసిన బొమ్మల్లో పాస్టెల్స్ చాలా ఉన్నాయి. మనిషి ఉండడు, చెట్టు ఉండదు. నల్లటి గీతలు గుత్తులుగా, గడ్డిపరకలో కత్తివాదరలో తెలియకుండా, పసుపు మీదో బూడిద నీలం మీదో విసురుగా దిగి ఉంటాయి. పేర్లు కూడా పెట్టలేదు. ఒక అక్షరం, సంవత్సరం, ఒక అంకె.

ఆయన గురించి లోకానికి ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. యుద్ధానంతరం ఆయన పెద్ద కాన్వాసులు చూసి, ఒక్క ఊపున, ఆవేశంలో వేసినవని అందరూ అనుకున్నారు. నిజానికి చాలాకాలం ఆయన ముందు చిన్న కాగితం మీద వేసి, దాని మీద గళ్లు కట్టి, గీతకు గీతగా కాన్వాసు మీదికి పెద్దది చేసేవాడు. నేరుగా కాన్వాసు మీద వేయడం 1960 దరిదాపుల్లో మొదలైంది. అంటే అసలు ఊపు, అసలు క్షణం, కాగితం మీదే ఉన్నాయి. హార్టుంగ్ పాస్టెల్ కాగితాలను పెద్ద చిత్రాలకు పక్కవాద్యాలుగా చూసేవాళ్లతో నేను ఏకీభవించలేను. మెరుపు పడ్డది అక్కడే.

రెండోవాడు జాఁ ఫోత్రియే. 1943లో గెస్టపో అరెస్టు చేసి వదిలేశాక, పారిస్ శివార్లలో షాతెనే-మలబ్రీ అనే చోట ఒక వైద్యశాలలో తలదాచుకున్నాడు. పక్కనున్న అడవిలో జర్మన్ సైనికులు ఖైదీలను కాల్చి చంపేవాళ్లు. ఫోత్రియే వాళ్లను చూడలేదు, విన్నాడు. ఆ విన్నదాన్ని ‘బందీలు’ అనే వరసగా వేశాడు. కాన్వాసుకు అంటించిన కాగితం మీద సుద్ద కలిపిన తెల్లటి ముద్దను మందంగా పరిచి, దాని మీద రంగుపొడి, పాస్టెల్ పొడి చల్లాడు. ముఖం అనదగ్గది ఉండీ ఉండకుండా ఉంటుంది. గులాబీ, లేత ఆకుపచ్చ, పాలిపోయిన వంగపండు రంగు. 1945 అక్టోబరులో పారిస్‌లోని రెనె ద్రువాఁ గ్యాలరీలో వాటిని చూపించినప్పుడు కేటలాగుకు ముందుమాట ఆంద్రే మాల్రో రాశాడు. ఇంత ఘోరానికి ఇంత అందమైన రంగులా అని నొచ్చుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం ఆ లేత రంగుల్లోనే ఆ చిత్రాల బరువంతా ఉందనిపిస్తుంది. తాను చూడని ముఖానికి కళ్లూ ముక్కూ గీయడం అబద్ధమవుతుంది. పొడి చల్లడం అబద్ధం కాదు.

1960 వెనిస్ బినాలేలో పెద్ద బహుమతి ఈ ఇద్దరికీ వచ్చింది.

అర్థం కాని బొమ్మ అని మనం ఒక్కమాటలో తోసేసే నైరూప్య చిత్రం వెనుక ఇంత జరిగింది. రూపం గీయడం చేతకాక కాదు, రూపాన్ని నమ్మలేక వాళ్లు అటు వెళ్లారు. హైటెక్ సిటీలో నడుస్తూ ఈ మాట ఎందుకు చెప్పాలనిపించిందంటే, ఇక్కడి ఆఫీసుల లాబీల్లో నైరూప్య చిత్రాలకు కొదవ లేదు. గాజు తలుపు బయట నుంచి చూస్తేనే కనిపిస్తాయి: సోఫా రంగుకు తగిన నారింజ, కార్పెట్‌కు తగిన నీలం, ఎవరినీ ఇబ్బంది పెట్టని మరకలు. అవి గోడను నింపుతాయి. ఆ లాబీలో రోజూ పదిగంటలు గడిపే పిల్లలకు హార్టుంగ్ కాగితం ఒక్కటి, అచ్చువేసినదైనా సరే, పక్కన నాలుగు మాటల చరిత్రతో చూపించి ఉంటే ఎంత బాగుండేది! గీత అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. ఒక్క గీత తప్పితే ప్రోగ్రామంతా నిలిచిపోయే పనిలో ఉన్నవాళ్లు.

హార్టుంగ్, ఫోత్రియే ఉన్న ఆ పారిస్‌లో మనవాడొకడు ఉన్నాడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, మద్రాసు కళాక్షేత్రలో పాఠాలు చెప్పి, లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకుని, 1950లలో పారిస్ చేరాడు. అక్కడ హేటర్ నడిపే ‘అతెలియే 17’ అనే అచ్చుచిత్రాల స్టూడియోలో కుదురుకుని, తర్వాత్తర్వాత దాన్ని నడిపే బాధ్యతలో భాగం పంచుకున్నాడు. పాస్టెల్ ఆయన పని కాదు, లోహపు రేకు ఆయన పని. కానీ ఆయన సాధించినది వింటే పాస్టెల్ ఎందుకు గుర్తొస్తుందో తెలుస్తుంది. అచ్చు సిరాల్లో నూనె పాళ్లు మారిస్తే ఒకటి పల్చగా, ఒకటి చిక్కగా ఉంటుంది. పల్చటి సిరా మీద చిక్కటి సిరాను దొర్లిస్తే కిందిది దాన్ని కలుపుకోకుండా తోసేస్తుంది. రేకును రకరకాల లోతుల్లో చెక్కి, మెత్తటి రోలరు ఒకటి, గట్టి రోలరు ఒకటి నడిపితే, ఒకే రేకు మీద, ఒకే అచ్చులో, ఎన్నో రంగులు పక్కపక్కనే నిలుస్తాయి. కలవవు. ఒకదాని పక్కన ఒకటి రేణువులుగా ఉండి చూసేవాడి కంట్లో కలుస్తాయి. పాస్టెల్‌లో జరిగేదీ ఇదే. ఆయన ‘సుడిగుండం’ 1963 నాటిది. నీళ్లో నక్షత్రాలో తేల్చుకోలేని నీలం సుడి అది. రేకును ఆయన శిల్పిలాగే చెక్కాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. చివరి దశాబ్దాలు న్యూయార్క్‌లో గడిపి 2018లో పోయాడు. నందనూరు చుట్టూ ఉన్నవీ ఇలాంటి గుట్టలే, ఇలాంటి గుండ్లే. సీమ బిడ్డ చేతికి రాయి కొత్తేమీ కాదు గదా అనిపిస్తుంది, ఆ రేకుల లోతులు చూస్తే.

మధ్యాహ్నం ఎండలో దుర్గం చెరువు కట్ట మీదికి చేరాను. గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇక్కణ్ణుంచే వెళ్లేవి. గుట్టల మధ్య దాగి ఉండి, దారి తెలిసినవాళ్లకే దొరికేది కాబట్టి ‘రహస్య చెరువు’ అని పేరు. 2020 సెప్టెంబరులో దీని మీద తీగల వంతెన తెరిచారు. రెండు స్తంభాల మధ్య సుమారు 234 మీటర్లు కింద ఆధారమే లేకుండా సాగుతుంది. అందరూ రాత్రిపూట రంగుల దీపాల్లో చూడటానికి వస్తారు. నేను చెప్పేది పట్టపగలు వెళ్లమని. అప్పుడు తీగలు బూడిదరంగు గీతలుగా, స్తంభం నుంచి విచ్చుకుని, వెనుక ఎర్రటి బండల మీదికి దిగుతాయి. హార్టుంగ్ గీతల గుత్తులు నేను చెరువు మీద చూశానంటే నమ్మండి. కాగితం తీసి ఆ గీతలు వేయబోయాను. వేస్తుంటే అర్థమైంది: ఇక్కడ గీత కంటే వెనుక ఉన్న రాయే కష్టం. తీగ తిన్నగా ఉంటుంది, ఒక్క చేతివిసురులో అయిపోతుంది. రాయి రంగు మాత్రం కడ్డీ మీద కడ్డీ మార్చినా అందలేదు. గులాబీ పెడితే బొమ్మలా అవుతోంది, గోధుమ పెడితే మట్టి అవుతోంది.

ఖాజాగూడకు ఆటోలో వెళ్లాను. దారిలో గుట్ట కోసేసిన చోట్లు ఎన్నో. రేకుల కంచె వెనుక నుంచి యంత్రాల చప్పుడు, కంచె పై నుంచి తెల్లటి దుమ్ము. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద, ఆగి ఉన్న బైకుల సీట్ల మీద, టీ బండి గాజు సీసాల మీద అదే పొడి. ఫోత్రియే చల్లిన పొడి ఒక అడవిలో వినిపించిన చావులది. ఈ పొడి మన దగ్గరున్న అన్నిటికంటే పాత వస్తువుది. డైనోసార్ల కంటే, హిమాలయాల కంటే, నేల మీద మొదటి మొక్క కంటే పాతది. దాన్ని పిండి చేసి పునాదులు వేస్తున్నాం. ఇళ్లూ కొలువులూ వద్దని ఎవరంటారు? నా పిల్లలూ, మీ పిల్లలూ అక్కడే పనిచేస్తున్నారు. కానీ పోయేదాన్ని ఎవరో ఒకరు గీసి పెట్టాలి. ఫొటోలో గుట్ట ఆకారం ఉంటుంది, ఒళ్లు ఉండదు. ఆ ఒంటిని పట్టడం రాతిపొడికే, పాస్టెల్‌కే సాధ్యమని నా గట్టి నమ్మకం.

రాళ్ల కోసం మాట్లాడినవాళ్లు ఈ ఊళ్లో లేకపోలేదు. ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ 1996లో మొదలైంది, సైబర్ టవర్స్ కంటే ముందే. నరేంద్ర లూథర్ లాంటివాళ్లు రాసి, నడిచి, అడిగి కొన్ని గుట్టలకు వారసత్వ సంపదగా గుర్తింపు తెప్పించారు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో పుట్టగొడుగు బండ ఇంకా నిలబడి ఉంది. అదే విశ్వవిద్యాలయంలో లక్ష్మాగౌడ్ ఏళ్లతరబడి బొమ్మలు నేర్పాడు. మెదక్ పల్లె మనుషుల్నీ మేకల్నీ పాస్టెల్‌తో వేసిన చెయ్యి అది.

ఖాజాగూడ గుట్ట మీద దర్గా ఉంది, గుడి ఉంది, బండలెక్కడం నేర్చుకునే కుర్రాళ్లున్నారు. వాళ్లకు దూరంగా ఒక గుండు నీడలో కూర్చున్నాను. గ్రానైటుకు నిలువునా అడ్డంగా పగుళ్లుంటాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి మూలల్ని ముందు తినేస్తుంది. చదరపు దిమ్మ కాలంతో గుండు అవుతుంది. పైపొరలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. పడమటి ఎండలో గుండు ఎర్రబడింది. గులాబీ కడ్డీ పక్కకు పడుకోబెట్టి మెత్తగా రుద్దాను. దాని మీద కాస్త పసుపుమన్ను రంగు, నీడవైపు వంగపండు రంగు.

“ఏం గీస్తున్రు సారూ?”

కింద కట్టడం దగ్గర కాపలా ఉండే పెద్దాయన. తలకు తువ్వాల, చేతిలో కర్ర. కాగితం చూపించాను. వంగి చాలాసేపు చూశాడు.

“మంచిగుంది. కని గా రంగు గీ రాయిది కాదు.”

“ఎదురుగా ఎర్రగానే ఉంది గదా పెద్దయ్యా?”

“గది పైన తోలు సారూ. ఎండకు, వానకు గట్లయితది. లోపల రాయి ఎర్రగుండది. కొట్టినంక చూడాలె.”

ఆయన పాలమూరు మనిషి. కాపలాకు రాకముందు ముప్పై ఏళ్లు రాయి కొట్టాడట. రాయి ఎటు చీలుతుందో ఎలా తెలిసేదని అడిగాను. సుత్తి వేసి వింటే చెబుతుందన్నాడు: గంట మోగినట్టు ఖంగుమంటే లోపల పగులు లేదు, బొదబొదమంటే ఉంది. రంధ్రాలు వరసగా వేసి, ఇనుప మేకులు దిగేసి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క దెబ్బ సమానంగా వేసుకుంటూ పోవాలి. తొందరపడితే రాయి తన దారిన తాను పోతుంది. చెబుతూ చెబుతూ నా పెట్టెలోంచి బూడిదరంగు కడ్డీ తీసి, వేలితో నలిపి, బొటనవేలి మీద పొడి చూసుకున్నాడు.

“గిది సుద్దనే గద. రాండ్రి, అసల్ రాయి చూపిస్త.”

గుట్ట దిగి, రేకుల కంచె పక్క సందులోంచి లోపలికి వెళ్లాం. సెల్లారు కోసం కోసిన గొయ్యి. పని ఆగి ఉంది. ఎదురుగా నిలువు గోడలా, అప్పుడే తెగిన గ్రానైటు. ఆయనన్నది నిజం. ఎరుపు లేదు. నీలం కలిసిన బూడిదరంగు, అందులో లేత గులాబీ పలుకులు, నల్ల అభ్రకం చుక్కలు. వందల కోట్ల ఏళ్లుగా వెలుగు తగలని ముఖం అది. పైన, నేల దగ్గర, జానెడు మందాన మాత్రం ఎర్రటి తుప్పు. రాతిలోని ఇనుము గాలికీ నీటికీ మారిన రంగు. నేను మధ్యాహ్నం నుంచి గీస్తున్నది ఆ జానెడునే.

“రేపు పొద్దుగాల మిషన్ వస్తది. గియ్యాల్నే గీసుకోండ్రి,” అన్నాడు.

కొత్త కాగితం తీశాను. వెలుతురు ఇంకో అరగంట ఉండొచ్చు. ఏ రంగుతో మొదలుపెట్టాలో ఆయన్నే అడిగాను. బూడిదరంగు నా చేతికిచ్చాడు. కాగితమంతా పరిచి, గులాబీ పలుకులు చుక్కలుగా పెట్టి, బొగ్గుకడ్డీతో అభ్రకం వేస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

“నలుపు తక్కువైంది సారూ. గా మూలకు ఇంక ఎయ్యుండ్రి.”